ఊరుకున్న చేను చేసే పని

మే నెలలో రావులపాలెం దగ్గర గోదావరి దాటి, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లేవారికి కోనసీమ రెండు రంగుల్లో కనిపిస్తుంది. రోడ్డు వారన కొబ్బరితోటలు, వాటి నీడన అరటి, కోకో కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంటాయి. తోటల సందుల్లోంచి చూస్తే వరిచేలు బూడిద రంగులో, కాలు దిగబడేంత నెర్రెలిచ్చి పడి ఉంటాయి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోయాయి. కాలువలు కట్టేశారు. కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి ఆశ్చర్యపోతారు. పక్కనే గోదావరి ఉంది, ఎండకు కొదవ లేదు, ఒండ్రు నేల. ఇంత మంచి భూమిని నెలన్నర, రెండు నెలలు ఊరికే పడుకోబెట్టడం బద్ధకం కాదా అని అడుగుతారు.

రైతులకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. వేసవిలో బాగా ఎండిన చేలో వానాకాలపు సార్వా పైరు మొదటి రోజుల్లో పెద్దగా యూరియా అడక్కుండానే ముదురు పచ్చగా లేస్తుంది. ఏడాది పొడుగునా చెమ్మ వదలని పల్లపు చేలో ఎంత చల్లినా ఆకు పసుపు తిరిగే ఉంటుంది. ఎవరూ ఏమీ వేయని ఆ రెండు నెలల్లో చేనుకు ఎరువు ఎక్కడి నుంచి వచ్చింది?

చేనే తయారు చేసుకుంది. నీళ్లున్నన్నాళ్లూ చేయలేని పని ఒకటి వరినేలకు ఉంటుంది. దుక్కీ నీరూ పైరూ లేని ఆ ఖాళీ రోజుల్లోనే అది తెములుతుంది. అయితే అందుకు రెండు షరతులు ఉన్నాయి. చేను నిజంగా ఎండాలి. పక్క చేను కూడా దానితో పాటే ఎండాలి. ఈ రెండో షరతు సంగతి చాలామందికి తట్టదు.

నీళ్ల కింద ఊపిరి

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించిన ఆనకట్ట గోదావరి డెల్టా నేలల దినచర్యనే మార్చేసింది. నేడు ఈ డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాలకు పైమాటే. అందులో గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న మధ్యమ డెల్టాయే కోనసీమ. జూన్‌లో కాలువలు వదిలింది మొదలు సార్వా, దాని వెనకే దాళ్వా. ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడి మడి నీటి కిందే ఉంటుంది.

నేలలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. పాత దుబ్బుల్ని, వేళ్లని, గడ్డిని తిని, అందులోని నత్రజనిని పైరుకు అందే రూపంలోకి మార్చేవి అవే. ఆ తిండి అరగాలంటే వాటికి ఊపిరి కావాలి. మడిలో నీరు నిలిస్తే మట్టి కణాల మధ్య సందులన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో కంటే నీటిలో ప్రాణవాయువు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అప్పటికే మట్టిలో ఉన్న కాస్తా ఒకటి రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది. పైనుంచి కొత్తది దిగదు.

అక్కడితో సూక్ష్మజీవులు చచ్చిపోవు. ఇంట్లో బియ్యం నిండుకుంటే నూకలు, నూకలూ అయిపోతే తవుడు అన్నట్టు సర్దుకుంటాయి. ప్రాణవాయువు లేకపోతే నైట్రేటుతో నడిపిస్తాయి. అదీ అయిపోతే మాంగనీసు, ఆ తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ వాటికి చిక్కే శక్తి తగ్గిపోతుంది, పని మందగిస్తుంది. మట్టిలో తుప్పు రూపంలో ఉన్న ఇనుము నీటిలో కరిగే రూపానికి మారడంతో ఎర్రజీర పోయి మట్టి బూడిద నీలంగా తయారవుతుంది. సల్ఫేటు దాకా వస్తే కుళ్లిన గుడ్డు వాసన కొట్టే వాయువు పుట్టి వేళ్లను నల్లబరుస్తుంది. ఇక చిట్టచివరి మెట్టు మీథేన్. బురదలో కాలు వేస్తే బుడబుడమని పైకొచ్చే బుడగల్లో ఎక్కువగా ఉండేది అదే.

ఈ మెట్ల వరసను శ్రద్ధగా కొలిచి చెప్పినవారిలో ముఖ్యుడు శ్రీలంకలో పుట్టిన ఫీలిక్స్ పొన్నంపెరుమ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, మునిగిన నేలల రసాయనశాస్త్రం మీద ఆయన 1972లో రాసిన సుదీర్ఘ వ్యాసమే నేటికీ ఈ చదువుకు పునాది.

వరి గట్టిది. కాండంలోని సన్నని గాలిగొట్టాల ద్వారా ఆకుల నుంచి వేళ్లకు గాలి పంపుకుంటుంది. మడిలోంచి పీకిన వరి వేరు మీద కనిపించే గోధుమరంగు తుప్పుపూత ఆ గాలి చేసిన పనే. అందుకే వేరే పైరు నాలుగు రోజుల్లో కుళ్లిపోయే చోట వరి నిలబడుతుంది. కానీ చుట్టూ ఉన్న మట్టి మాత్రం సగం అరిగిన తిండితో, కరిగిన ఇనుముతో బరువెక్కుతూ ఉంటుంది. దీనికి జింకు లోపం తోడవుతుంది. నీట మునిగిన మట్టిలో జింకు వేళ్లకు అందని రూపాల్లోకి పోతుంది, ఆకుల మీద తుప్పు మచ్చలు లేస్తాయి. ఉత్తరాదిన తరాయి ప్రాంతంలో ఖైరా అని పిలిచిన ఈ తెగులుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్ శాస్త్రవేత్త వై.ఎల్.నెనె తేల్చేదాకా అదేదో అంటురోగమనే అనుమానించారు. మన దగ్గర ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని వ్యవసాయాధికారులు చెప్పేది దీనికే.

నెర్రెలోంచి దిగే గాలి

ఇప్పుడు ఏప్రిల్‌కి రండి. దాళ్వా కోత ముందు మడిలో నీరు తీసేశారు. ఎండ పట్టింది. డెల్టా బంకమట్టికి ఒక గుణం ఉంది: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు నిలువునా చీలుతుంది. అవే నెర్రెలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చేలకు అంతదాకా ఆగే ఓపిక ఉండదు, ఏప్రిల్ చివరికే నోళ్లు తెరుస్తాయి.

నెర్రె అంటే గాలికి తెరిచిన దారి. ఏళ్ల తరబడి దమ్ము చేయడం వల్ల నాగలి అడుగున గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది. పైనుంచి గాలి దాన్ని దాటి దిగడం కష్టం. నెర్రె ఆ పొరను కూడా చీల్చుకుని లోపలికి పోతుంది. గాలి తగలగానే మెట్ల వరస తిరగబడుతుంది. కరిగిన ఇనుము మళ్లీ తుప్పవుతుంది. బూడిద నీలపు మట్టిలో పసుపు, ఎరుపు జీరలు లేస్తాయి. వేళ్లను నల్లబరిచిన వాయువు విరిగిపోతుంది. మీథేన్ పుట్టడం ఆగిపోతుంది. అందని రూపంలో చిక్కుకున్న జింకు కొంత మళ్లీ దొరుకుతుంది. గాలి ఉంటేనే పనిచేసే సూక్ష్మజీవులు, అంతవరకూ అరగకుండా మిగిలిన దుబ్బుల మీదా వేళ్ల మీదా పడతాయి. అందులోంచి అమ్మోనియా, అందులోంచి నైట్రేటు తయారవుతాయి.

మట్టి మరీ ఎండితే ఆ పనీ ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఖాళీ చేను పైపొర 50 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడికి, ఆ పొడికి తట్టుకోలేని సూక్ష్మజీవులు, నులిపురుగులు చచ్చిపోతాయి. మిగిలినవి బతకడానికి ఒక ఏర్పాటు చేసుకుంటాయి. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా చక్కెరల వంటి పదార్థాలు కణం లోపల గట్టిగా కూర్చుకుంటాయి. కొన్ని గట్టి పెంకు తొడుక్కుని విత్తనాల్లా పడుకుంటాయి. బయటికి చూస్తే చేను చచ్చినట్టే ఉంటుంది.

అప్పుడు తొలకరి పడుతుంది.

తొలివానకు లేచే ఉరవడి

నీటి కోసం కణం లోపల కూర్చుకున్న ఆ సరుకే ఇప్పుడు కణానికి ముప్పు. వాన నీరు ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తుంది. కొన్ని కణాలు పగిలిపోతాయి. కొన్ని లోపలి చక్కెరలన్నీ గబగబా బయటికి కక్కేసి ప్రాణం దక్కించుకుంటాయి. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు ఎలాగూ ఉన్నాయి. పైగా మట్టిగడ్డలు తడిసి విచ్చుకుని, ఇంతకాలం వాటి లోపల ఎవరికీ అందకుండా ఉన్న పాత జీవపదార్థం బయటపడుతుంది. బతికి మిగిలినవాటికి ఇదంతా సులువుగా అరిగే తిండి. కొన్ని గంటల్లోనే అవి తెగ పెరిగిపోతాయి. మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు ఉవ్వెత్తున లేస్తుంది, దానితో పాటే నత్రజని పైరుకు అందే రూపంలో విడుదలవుతుంది.

కెన్యాలోని ముగుగా పరిశోధనా కేంద్రంలో పనిచేసిన హెచ్.ఎఫ్.బర్చ్ 1958లో దీన్ని ప్రయోగాలతో నిరూపించాడు. ఒకే మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచితే విడుదలయ్యే నత్రజని కంటే, ఎండబెట్టి తడిపితే విడుదలయ్యేది ఎక్కువ. ఎండబెట్టిన ప్రతిసారీ ఆ ఉరవడి మళ్లీ వస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని నేటికీ ఆయన పేరుతోనే బర్చ్ ప్రభావం అంటారు. సార్వా పైరు మొదట్లో ముదురు పచ్చగా లేవడం వెనక ఉన్నది ఇదే. మన రైతులు ఎరిగిన దానికి కారణం దొరికింది కోనసీమలో కాదు, ఆఫ్రికా ఎర్రమట్టిలో. ఇదొక మంచి సంగతిగా నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఎండ, వాన ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రతిచోటా నేల ఇలాగే బతుకుతోందని దీనివల్లే తెలిసింది.

*ప్రత్యేకం: తొలివాన వాసన ఎక్కడిది?*
*ఎండిన నేల మీద వాన పడితే వచ్చే సువాసనకు 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇసాబెల్ జాయ్ బేర్, ఆర్.జి.థామస్, పెట్రికోర్ అని పేరు పెట్టారు. కనౌజ్‌లో అత్తరు చేసేవారు అప్పటికే ఎంతోకాలంగా ఆ వాసనను మట్టి నుంచి దించి గంధపు నూనెలో పట్టి అమ్ముతున్నారు. ఆ వాసనలో ముఖ్యమైన భాగం జియోస్మిన్ అనే పదార్థం. స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. చినుకు ఎండిన మట్టిని తాకినప్పుడు సందుల్లోని గాలి చిన్న చిన్న బుడగలై పైకి చిమ్ముతూ దాన్ని మోసుకొస్తుంది. మనిషి ముక్కు ఈ పదార్థాన్ని ఎంతో పలచగా ఉన్నా పసిగట్టగలదు. ఆ వాసనకు నేలలోని స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న జీవులు కూడా ఆకర్షణకు లోనై వస్తాయని, సూక్ష్మజీవుల బీజాలను ఒంటికి అంటించుకుని ఇంకో చోటికి చేరవేస్తాయని 2020లో తెలిసింది.*

ఎప్పుడూ తడిగా ఉంచి చూస్తే

నేలకు ఈ ఎండు రోజులు ఇవ్వకపోతే ఏమవుతుందన్నది ఊహించనక్కర్లేదు. ఎవరో ఒకరు చేసి చూశారు. పైన చెప్పిన వరి పరిశోధనా సంస్థే లాస్ బాన్యోస్‌లోని తన పొలంలో ఒక చెక్కను 1960ల నుంచి అదే పనిగా వరికే కేటాయించింది. ఏడాదికి రెండు కాదు, మూడు పంటలు. మంచి రకాలు, సరిపడా నీరు, ఎరువు, అడుగడుగునా శాస్త్రవేత్తల కాపలా.

అయినా 1960ల చివరి నుంచి 1990 దాకా దిగుబడి క్రమంగా జారిపోయింది. మట్టిని పరీక్షిస్తే మొత్తం నత్రజని తగ్గలేదు. తగ్గిందల్లా పైరుకు అందే భాగం. నేల నిండా సరుకే, కానీ బయటికి రావడం లేదు. దీనికి వారు చూపిన ముఖ్య కారణాల్లో ఒకటి ఇది: గాలి తగలని మట్టిలో గడ్డి, వేళ్లు పూర్తిగా అరగవు, వాటిలోని గట్టి పీచు పదార్థం నుంచి వచ్చే ఫినాల్స్ మట్టిలో పేరుకుని నత్రజనిని పట్టేసుకుంటాయి. తర్వాత నత్రజని మోతాదు పెంచి, పైరు అడిగే వేళకు అందించాక దిగుబడి తేరుకుంది. ఎండ ఉచితంగా చేయగలిగే పనిలో కొంత భాగాన్ని బస్తాలు కొని చేయించారన్నమాట.

కోనసీమలో కాలువ కింద మూడో పంటగా వరి వేయరు. తడి సదుపాయం ఉన్నచోట దాళ్వా తర్వాత మినుము, పెసర చల్లుతారు. అవి నీరు నిలవని పైర్లు, వేళ్ల మీది బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి కూడా. కాబట్టి నేలకు గాలి తగలడం వరకూ వాటితో చిక్కు లేదు. చిక్కల్లా సార్వా ఆలస్యం కావడం. స్వర్ణ వంటి రకం విత్తు నుంచి కోతకు అయిదు నెలలు తీసుకుంటుంది. నాట్లు ముంపులో పోయి మళ్లీ వేయాల్సి వస్తే కోత వెనక్కిపోతుంది, దాని వెనక దాళ్వా, దాని వెనక వేసవి. చేను ఎండాల్సిన రెండు నెలల్లో మూడు నాలుగు వారాలు ఇలా హరించుకుపోతాయి. మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన పొట్టికాలపు దాళ్వా రకాలకు దిగుబడితో పాటు ఈ లాభం కూడా ఉంది: అవి తొందరగా చేను ఖాళీ చేస్తాయి.

ఒక్కడు ఊరుకుంటే చాలదు

ఇంతవరకూ మట్టి సంగతి. మట్టి తన చేనులో తానే ఎండగలదు. దోమా, పురుగూ, ఎలుకా అలా కాదు. వాటికి గట్లు అడ్డం కావు.

దోమపోటుకు కారణమైన సుడిదోమ వరి మీదే బతుకుతుంది. దానికి తరానికి దాదాపు నెల. కాండం తొలిచే పురుగు కోత తర్వాత దుబ్బుల్లో దాక్కుంటుంది. ఎలుకలైతే వరి పొట్ట దశ చూసి పిల్లల్ని పెడతాయి, పంట ఉన్నంతకాలం వాటికి పెంపకం కాలమే. ఇప్పుడు ఒక రైతు తన చేను ఖాళీగా ఉంచి, చుట్టుపక్కల నలుగురు నాలుగు వేళల్లో నాట్లు వేశారనుకోండి. పురుగు ఒక చేనులోంచి మరో చేనుకి నడుచుకుంటూ ఏడాది పొడుగునా భోజనం చేస్తుంది. ఊరంతా ఒకేసారి ఖాళీ అయితే దానికి పోవడానికి చోటుండదు.

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో ఇది పెద్ద పాఠమే నేర్పింది. అక్కడ సుబక్ అనే రైతు సంఘాలు శతాబ్దాలుగా నీటి గుడుల ఆధ్వర్యంలో ఎవరి చేనుకు ఎప్పుడు నీరో, ఎప్పుడు ఖాళీయో కలిసి నిర్ణయించుకునేవి. 1970ల్లో కొత్త వంగడాలతో పాటు, వీలైనన్ని పంటలు వేయండి, గుడి లెక్కతో పనిలేదు అన్న ప్రభుత్వ ప్రోత్సాహం వచ్చింది. ఒక్కో చేను ఒక్కో వేళకు పండసాగింది. తెగుళ్లు విరుచుకుపడ్డాయి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, పర్యావరణవేత్త జేమ్స్ క్రేమర్‌తో కలిసి 1993లో కంప్యూటర్ నమూనాతో చూపించింది ఇదే: నీటిని పంచుకోవడం, పురుగును మాడ్చడం రెండూ కలిసొచ్చేంత విస్తీర్ణంలో చేలు ఒకేసారి ఖాళీ కావాలి. చిన్న చెక్కలుగా అయితే పురుగు గెలుస్తుంది, మరీ పెద్దదైతే నీరు చాలదు. గుడుల ఏర్పాటు ఆ రెంటి మధ్య సరైన కొలతకు దగ్గరగా ఉంది.

మన డెల్టాలో గుడి చేసిన పనిని ఆనకట్ట చేసింది. ధవళేశ్వరంలో తలుపులు దించితే కొత్తపేట, అమలాపురం, రాజోలు అన్నీ ఒకే వారంలో ఎండడం మొదలుపెడతాయి. తాగునీటి చెరువులు ముందే నింపుకుంటారు. కాలువలో పూడిక, గుర్రపుడెక్క తీస్తారు. కాటన్ ఏర్పాటు నీరు పంచడానికి పుట్టింది. ఏటా కొన్ని వారాలు నీరు ఆపడం వల్ల లక్షల ఎకరాల్లో పురుగుకు ఒకేసారి పస్తు పడడం దానికి తోడుగా వచ్చిన మేలు. బోరు వేసుకుని వేసవిలో విడిగా వరి పండించేవారు పెరిగేకొద్దీ ఈ మేలు కరుగుతుంది. ఇది ఆ రైతు తప్పని నేను అనడం లేదు. కాని అతని చేను పచ్చగా ఉండడం వల్ల పక్కూరి సార్వాకు పడే దెబ్బ ఎవరి లెక్కలోకీ రాదు, అదే బాధ.

2011: చేలు ఖాళీగా ఉన్న సార్వా

కోనసీమ, ఖాళీ చేలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2011 క్రాప్ హాలిడే. ఆ సార్వాలో ఇక్కడి రైతులు నాట్లు వేయబోమని ప్రకటించి, లక్ష ఎకరాలకు అటూ ఇటూగా భూమిని ఖాళీగా వదిలేశారు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలీ, ఎరువు, కౌలు పెరిగిపోయి ఆ ధరకు గిట్టుబాటు కాదని, డ్రెయిన్లు పూడిపోయి ఏటా ముంపే మిగులుతోందని వారి గోడు. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. కోనసీమ జిల్లా ఏర్పడిన 2022లోనూ కొన్ని మండలాల్లో మళ్లీ ఆ మాట లేచింది.

దాన్ని బద్ధకమని ఎవరైనా అంటే తప్పు. అది కడుపు మండిన నిరసన. కౌలు రైతు, కూలీ ఆ ఏడు కోల్పోయిన ఆదాయం నిజం. కానీ అప్పట్లో ఒక ఓదార్పు మాట వినిపించేది: పోనీలే, భూమికైనా విశ్రాంతి దొరికింది కదా అని. నేల శాస్త్రం దీన్ని ఒప్పుకోదు.

కారణం తేలికే. జూలై నుంచి అక్టోబరు దాకా కోనసీమలో ఖాళీ చేను ఎండదు. వానలు పడతాయి, డ్రెయిన్లలో నీరు ఎదురు తంతుంది, పల్లపు చేలలో మోకాలి లోతు నిలుస్తుంది. నాటు లేని మడిలో తుంగ, ఊద, ఇతర గడ్డి లేచి గింజలు రాలుస్తాయి, ఆ గింజలు తర్వాతి పంటకు కలుపై వస్తాయి. గడ్డి కుళ్లి, గాలి లేని మట్టిలో అవే మెట్లు దిగుతూ మీథేన్ దాకా పోతుంది. వేళ్ల నుంచి గాలి దింపే వరి కూడా అక్కడ లేదు. నెర్రె లేదు, తుప్పు జీర లేదు, బర్చ్ చెప్పిన ఉరవడి అంతకన్నా లేదు. వేసవిలో ఆరు వారాలు ఎండిన చేనుకూ, వానాకాలంలో నాలుగు నెలలు నీళ్లలో ఖాళీగా పడున్న చేనుకూ పోలికే లేదు. రెండింటినీ విశ్రాంతి అనే ఒకే మాటతో పిలవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

ఇక్కడే 2011 రైతుల డిమాండ్లలో ఒకటి శాస్త్రంతో కలుస్తుంది. డ్రెయిన్లు. అమలాపురం పక్కనున్న కౌశిక లాంటి మురుగు కాలువలు సరిగ్గా పారితే సార్వాలో నాటు మునగదు, కోత ఆలస్యం కాదు, దాళ్వా వేళకు మొదలవుతుంది, వేసవిలో చేను పూర్తిగా ఎండుతుంది. మట్టి ఆరోగ్యం గురించి ఎన్ని పథకాలు వేసినా, డెల్టాలో ఆ ఆరోగ్యానికి తలుపు డ్రెయిన్ చివర సముద్రం వైపు ఉంది.

*ప్రత్యేకం: రొయ్యల చెరువు ఎండగట్టేది ఎందుకు?*
*వరిచేను రసాయనమే చెరువుకూ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. తినగా మిగిలిన మేత, రొయ్యల మలం అడుగున నల్లటి బురదై కూర్చుంటాయి. అందులో గాలి ఉండదు, కుళ్లిన గుడ్డు వాయువు పుడుతుంది, అడుగున తిరిగే రొయ్యకు అది విషం. అందుకే పంట తీశాక నీరంతా తోడేసి, నేల పగుళ్లిచ్చేదాకా ఎండగట్టి, సున్నం చల్లి ఆ తర్వాతే కొత్త పిల్లను వదలమంటారు. రాజోలు, అల్లవరం వైపు వనామీ పెంచేవారికి ఇది కొత్త సంగతి కాదు. ధర బాగున్న ఏడు ఈ పది పదిహేను రోజులు తగ్గించుకోవాలన్న ఆశ పుడుతుంది, తర్వాతి పంటలో రోగం వచ్చాక ఆ రోజులు గుర్తొస్తాయి.*

ఎండ అన్ని చోట్లా మేలు చేయదు

సముద్రం దగ్గరికి వెళ్లేకొద్దీ ఈ లెక్క మారుతుంది. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల తీరప్రాంతంలో భూగర్భ నీటిలో ఉప్పు ఉన్నచోట్లు ఉన్నాయి, ఆ నీరు లోతున కూడా ఉండదు. మడిలో మంచినీరు నిలిచి ఉన్నన్నాళ్లూ పైనుంచి ఒత్తిడి పెడుతూ ఉప్పును కిందికి అణిచి ఉంచుతుంది. నీరు పోయి ఎండ పట్టగానే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు మట్టి ఆ ఉప్పునీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన తెల్లగా మిగులుతుంది. అదే చౌడు. అలాంటి చోట చేనును బట్టబయలుగా ఎండబెట్టకూడదు. కోత కాగానే పైపైన దున్ని పొడిమట్టి కప్పు చేసినా, గడ్డి పరిచినా ఆ లాగుడు తగ్గుతుంది. తొలి కాలువ నీటితో ఒకసారి మడి నింపి డ్రెయిన్‌లోకి వదిలేస్తే పేరుకున్నది కొట్టుకుపోతుంది.

భాస్వరం సంగతి ఇంకోటి. ఇనుము కరిగినప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న భాస్వరం కూడా విడుదలై పైరుకు అందుతుంది. నేల ఎండి ఇనుము మళ్లీ తుప్పయితే అది తిరిగి చిక్కుకుపోతుంది. అందుకే వరి తర్వాత వేసే మినుముకు, పెసరకు భాస్వరం కొరత కనిపిస్తుంది. ఎండు నేల నత్రజనిని ఇస్తూ భాస్వరాన్ని దాచుకుంటుంది, మళ్లీ నీరు పెడితే దాన్ని వదులుతుంది.

తొలివాన నుంచి కాలువ నీటి దాకా

ఇంతకీ వేసవి ఇచ్చిన నత్రజని అంతా పైరుకు చేరుతుందా? చేరదు, నైట్రేటుగా మారిన భాగం చాలావరకు పోతుంది. మే వానలకు నైట్రేటు తయారై ఉంటుంది. జూన్‌లో కాలువ నీరు పెట్టి దమ్ము చేయగానే మట్టిలో గాలి నిండుకుంటుంది. సూక్ష్మజీవులు మొట్టమొదట వాడుకునేది ఆ నైట్రేటునే. దాన్ని గాలిలో కలిసే నత్రజనిగా మార్చేస్తాయి, కొంత నైట్రస్ ఆక్సైడుగా పోతుంది. అది భూమిని వేడెక్కించే వాయువుల్లో బలమైనది. రెండు నెలలు కూడబెట్టింది రెండు వారాల్లో ఆవిరి.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు, ఊళ్లలో తగ్గిపోతున్నది. తొలివానకు జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లితే అవి అప్పటికే మట్టిలో ఉన్న నైట్రేటును పీల్చి ఆకుగా మార్చుకుంటాయి, గాలిలోంచి కొంత తెచ్చి కలుపుతాయి. ఆరేడు వారాల పైరును దమ్ములో కలిపేస్తే ఆ నత్రజని ఆకు రూపంలో నేలలోనే ఉండి నాట్లు కుదురుకున్న తర్వాత నెమ్మదిగా విడుదలవుతుంది. గొర్రెల మందలు కట్టించడం, కోతల తర్వాత బాతుల్ని మేపడం కూడా ఇలాంటి ఏర్పాట్లే. ఇంతకాలం విశ్రాంతి అని చెప్పుకున్నది, పూర్తిగా పని లేకపోవడం కాదు. సరైన రోజున ఒక గుప్పెడు విత్తనం చల్లడం, ఆపైన చేతులు కట్టుకుని ఊరుకోవడం.

పంట మధ్యలో కూడా ఇలాంటి చిన్న విరామం పనికొస్తుంది. దాళ్వాలో మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, మట్టిలో గుచ్చిన చిల్లుల గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెడితే దిగుబడి తగ్గదు, మీథేన్ సగానికి దగ్గరగా తగ్గుతుంది. పూత దశలో మాత్రం నీరు ఆపకూడదు. సార్వాలో కోనసీమ రైతుకు ఆ వీలు అంతగా ఉండదు, వాన అతని మాట వినదు.

మీ చేను ఈ ఏడు సరిగా ఎండిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తొలకరికి ముందు చేను నడిమధ్య పారతో ఒక జానెడు లోతు దిమ్మ నిలువుగా తీసి, విరిచి చూడండి. మట్టి అంతా బూడిద నీలంగా, ముక్కుకు దగ్గర పెడితే కుళ్లు వాసనగా, పాత వేళ్లు నల్లగా మెత్తగా ఉంటే గాలి దిగలేదు. అప్పుడు డ్రెయిన్ వైపు చూడాలి, యూరియా బస్తా వైపు కాదు. నెర్రెల అంచుల వెంబడి, పాత వేళ్ల గొట్టాల చుట్టూ తుప్పు రంగు జీరలు, పసుపు మచ్చలు కనిపిస్తే మంచిది. ఆ జీర ఎంత లోతుకు దిగిందో కొలిచి రాసుకోండి. వచ్చే వేసవి అదే చోట మళ్లీ తీసి చూస్తే, డ్రెయిన్ బాగుపడిందో పూడిపోయిందో ఆ కొలతే చెబుతుంది.